బస్తా కదలకుండా

రాత్రి పదకొండున్నర.
ఏటుకూరు రోడ్డు మీద ఆఖరి లారీ వెళ్ళిపోయాక
కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నేనూ, సర్వరూ,
బయట ప్లాస్టిక్ కుర్చీలో ఏసోబూ.
గోడ అవతల నాలుగు ఛాంబర్లలో
లక్ష బస్తాల మిరపకాయ
చలికి ముడుచుకుని పడుకుంది.
దాని ఘాటు మాత్రం పడుకోదు,
కీబోర్డు సందుల్లో కూడా ఉంటుంది.
ఇక్కడ కళ్ళు తుడుచుకోకూడదని
చేరిన వారంలోనే నేర్చుకున్నాను.

డిస్కు నూటికి ఎనభై ఏడు నిండింది.
పద్నాలుగు సీజన్ల లాట్లు, తూకాలు, అద్దెలు, బ్యాంకు తాకట్లు.
అంతా కాపీ చేసి మారుద్దామంటే చోటు లేదు.
కొత్త డిస్కు అడిగితే
"సీజనయ్యాక చూద్దాం తల్లీ" అన్నారు మేనేజరు పూర్ణచంద్రరావు గారు.
నేను వచ్చినప్పటి నుంచీ
సీజన్ అవుతూనే ఉంది.

అందుకని లింకు.

ఈ పద్ధతి నాకు ముందు చెప్పింది యార్డే.
మార్చిలో ఫిరంగిపురం రైతు దించిన తేజా
జూన్లో కమిషన్ వ్యాపారిది,
ఆగస్టులో ఇంకొకాయనది,
దసరాకి ఎగుమతి కంపెనీది.
బస్తా మాత్రం బి ఛాంబరు, మూడో అంతస్తు, పదహారో వరసలో
హమాలీ వేసిన చోటే ఉంది.
చేతులు మారింది బాండు కాయితం.

ముందు తనిఖీ.
మస్తానయ్య గుమాస్తా ఉన్న రోజుల్లో
ఎవరో తగిలించిన ఎక్స్‌టెన్షన్ ఒకటి అడ్డం పడింది.
ఇప్పుడెవరూ వాడటం లేదు దాన్ని.
తీసేసే ముందు
ఎందుకో కాసేపు ఆగాను.

ఫ్లాస్కులో టీ తెచ్చాడు ఏసోబు.
"ఏందమ్మా, ఒకటి రెండు చేస్తన్నావా?"
"లేదు బాబాయ్. ఉన్నది ఒకటే.
దానికి ఇంకో పేరు పెడుతున్నా."
నవ్వాడు.
"ఆ పని మా నాయన ఎప్పుడో చేశాడులే.
బళ్ళో వెంకటేశ్వర్లు, గుళ్ళో ఏసోబు.
స్కాలర్‌షిప్పు ఆయనకొచ్చేది,
ప్రసాదరావయ్యగారి దీవెన నాకు."

ఎంటర్ కొట్టాను.
రెండు పూటలు పడుతుందనుకున్న పని
యాభై సెకన్లలో అయిపోయింది.
ఏదీ కదల్లేదు, అందుకే.
పాత సర్వరు తాళంచెవి లాంటి ఒక ఫైలుకి మాత్రం
చివర "ఓల్డ్" అని తోక తగిలింది.

ఇక్కడిదాకా వెనక్కి దారుంది.
ఆ తోక పీకేస్తే పాతది మళ్ళీ లేస్తుంది.
కొత్తదాన్ని లేపానా,
అది రాసే మొదటి అక్షరం
పాతదాని ఒంటి మీదే పడుతుంది.
ఆ తర్వాత దాన్ని పలకరించకూడదు.
టిఫిన్ సంచిలో బ్యాకప్ ఉంది, నిజమే.
అది సాయంత్రం ఆరింటిది.
ఆరు తర్వాత దించిన లాట్లు
దానికి తెలియవు.

టీ చల్లారిపోయింది.
లేపాను.

పొద్దున్నే కౌంటర్ ముందు ఎనిమిది మంది.
మొదటి లాటు వెతకడానికి నిమిషం పట్టింది,
రెండోదానికీ అంతే.
"రాత్రంతా ఏం చేశావమ్మా" అన్నారు పూర్ణచంద్రరావు గారు.
సరుకంతా దాని దగ్గరే ఉంది, అంచనా లేదు.
మొదటిరోజు పనికొచ్చిన హమాలీలా
ఒక్క బస్తా కోసం అన్ని అంతస్తులూ ఎక్కి దిగుతోంది.
కూర్చోబెట్టి లెక్కలు కట్టించాను.
పదింటికి దారి పడింది.

వారం తర్వాత పాత పేర్లన్నీ చెరిపేశాను.
వేలకొద్దీ ఫైళ్ళు, ఒక్క కమాండు.
డిస్కులో ఖాళీ
చిటికెడు పెరిగింది, అంతే.
సరుకు ఎక్కడికీ పోలేదు,
ఒక కాయితం చిరిగింది.
ఇక మిగిలినవి ఆఖరి పేర్లు.
అక్కడ మాత్రం నా వేలు తడబడకూడదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగుతూ
రిజిస్టరులో "వెంకటేశ్వర్లు" అని
ఒక్కో అక్షరం నొక్కి రాశాడాయన.
జేబులో ఫోను మోగింది.
"ఆఁ, ఏసోబునే.
వస్తన్నా, అన్నం పెట్టు."